తడిక చాటున తనిఖీ

1948 వేసవిలో, మాచర్లకు అవతల కృష్ణ ఒడ్డున పెట్టిన పోలీసు పోస్టులో నాకు పని దొరికింది. అవతలి ఒడ్డు హైదరాబాదు సంస్థానం. అక్కడి అల్లర్లకు జడిసి జనం పుట్టి పడవల్లో ఏరు దాటి వచ్చేవారు. మగవాళ్లను పోలీసులు వెతికేవారు. ఆడవాళ్లను తడిక చాటుకు తీసుకెళ్లి నేను వెతకాలి. దాన్ని సెర్చింగ్ డ్యూటీ అనేవారు. అప్పటికి నాకు చదువు రాదు. ఈ పనికి అక్కర్లేదన్నారు. కత్తులూ తుపాకీ మందూ దాచారేమో చూడాలి. రోగంతో ఎవరైనా కనిపిస్తే హెడ్డు కానిస్టేబులుకు చెప్పాలి. కలరా భయంతో అలాంటి కుటుంబాన్ని మొత్తంగా వెనక్కి పంపేవారు.

ఒక రోజు చుట్టుపక్కల ఊళ్ల పెద్దలు పోస్టు డేరాలో కూర్చున్నారు. పోస్టు కోసం ఊళ్లలో వసూలైన చందా దేనికి వాడాలన్నది తగువు. నరసరావుపేట వకీలు ఇంకా పోలీసులు కావాలన్నాడు. మాచర్ల బియ్యం కొట్టు షావుకారు ఒప్పుకోలేదు.

“వెతికేవాళ్లు చానామందే ఉన్నారు. మందిచ్చేవాడేడయ్యా?” అన్నాడు.

“డాక్టరును పెడితే ఆ ఒడ్డంతా ఇక్కడికే దిగుద్ది. అప్పుడు మీ కొట్లో బియ్యం చాలవు షావుకారూ,” అన్నాడు వకీలు. డేరాలో నవ్వారు.

అప్పుడే ఒకామె ఐదారేళ్ల కూతురి చెయ్యి పట్టుకుని తడిక చాటుకు వచ్చింది. పైట కింద చంటివాణ్ణి గుడ్డతో రొమ్ముకు కట్టుకుంది. ముడి విప్పబోతే నా చెయ్యి ఆపింది.

“పండుకున్నడక్కా, లేపకు. పుట్టిల ఏడిస్తె అందరం దొరుకుతమని నల్లమందు ఏసిన.”

పిల్లలు నిద్రపోవడానికి మా వైపు కూడా రవ్వంత నల్లమందు నాలుక మీద రాస్తారు. గుడ్డలోకి చెయ్యి పెట్టాను. బిడ్డ ఒళ్లు చల్లబడి ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చాలాసేపు ఉంచాను. ఊపిరి లేదు.

ఆమెకు తెలియదు. చెబితే గొల్లుమంటుంది, హెడ్డు వస్తాడు, చూడగానే కలరా అంటాడు. నల్లమందని చెప్పినా నమ్మడు. సాయంత్రం పుట్టిలో ఆ ఆడపిల్ల మళ్లీ అవతలికి పోవాలి.

“ఏమే, ఎంతసేపు? ఏమన్నా ఉందా?” బయటినుంచి హెడ్డు కేకేశాడు.

“ఏం లేదయ్యా. పిలగాడు నిద్దరపోతన్నాడు,” అన్నాను.

ముడి బిగించి, దారి చూపించి వస్తానని వాళ్ల వెంట నడిచాను. డేరా పక్కనుంచి పోతున్నంతసేపూ ఆమె వాడి వీపు తడుతూనే ఉంది. పోస్టు కనుమరుగయ్యాక కూర్చోబెట్టి చెప్పాను. ఆమె వెంటనే ఏడవలేదు.

“నువ్వు చెయ్యి పెట్టినప్పుడు ఎచ్చగనే ఉన్నడు గదా?” అని అడిగింది.

తల అడ్డంగా ఊపాను. గుంట తియ్యడానికి పలుగు లేదు. రాళ్లు పేర్చాం. ఆ పిల్ల కూడా మోసింది.

నేను తిరిగి వచ్చేసరికి తగువు తేలిపోయింది. చందా పోలీసులకే పోయింది. నాకు సాయంగా ఇంకో ఆడమనిషిని కూడా పెట్టారు. ఆమెకు పని నేర్పింది నేనే. చంటిబిడ్డతో ఎవరొచ్చినా ముందు బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూడమన్నాను, తల్లి నడుము తర్వాత వెతకొచ్చని.