పురుషోత్తం గారి వెనకడుగులు

ఎవరి పనైనా చేస్తున్నకొద్దీ పూర్తవుతుంది. లాలాగూడ పురుషోత్తం పని మాత్రం చేస్తున్నకొద్దీ వెనక్కి నడుస్తుంది.

ఆయన ‘ఏడు కోటల దారి’ అని ఒక కంప్యూటర్ గేమ్ తయారుచేస్తున్నాడు. ఆడేవాళ్ళే వీరులై ఊళ్ళు తిరిగి, రాక్షసులతో తలపడి కోటలు గెలవాలి. వెనక పెద్ద కంపెనీ ఏమీ లేదు. కిరాణా కొట్టు మీద రెండు గదులు, ఆయన, ఇంద్రజ. గేమ్ ఎంతవరకు వచ్చిందో దానికోసం కాచుకున్న వాళ్ళకు నెలనెలా రాయడం ఇంద్రజ ఉద్యోగం.

చేరిన నెలలోనే ఆమెకు బుర్ర తిరిగింది.

“ఎంతయిందని రాయమంటారు సార్?”

“డెబ్బై శాతం అని రాయమ్మా.”

“పోయిన నెల ఎనభై అని ఉందండీ.”

“అప్పుడు ఎనభయ్యే. ఇప్పుడు డెబ్బై.”

“మరి ఆ పది శాతం ఏమైందండీ?”

“తీసేసిన. పొరపాటు నాది. గట్లనే రాయి.”

ఆమె అట్లాగే రాసింది. ఆ పై నెల కత్తితో కొడుతూనే డాలు అడ్డంపెట్టే పోరు పోయింది. తర్వాత పరుగెడుతూ అగడ్త దూకే ఘట్టం పోయింది. అందరూ మెచ్చుకున్నవే ఏరి ఏరి పీకేస్తున్నాడు. కారణం అడిగితే ఒకటే పాట: పొరపాటు నాది.

కాప్రాలో ఇంటికెళ్తే తల్లి జగదాంబ అడిగేది.

“మీ గేమ్ ఎందాకా వచ్చిందే?”

“పోయిన నెలకంటే తక్కువమ్మా.”

జగదాంబ కూతురి నుదుటిమీద చెయ్యి పెట్టి చూసింది.

కాచుకున్నవాళ్ళు మాత్రం ఊరుకోలేదు. “అన్నా, కడుతున్నరా, ఇప్పుతున్నరా?” అని ఒకరు. “సున్నా అయినంక చెప్పున్రి, దావత్ చేసుకుందాం” అని ఇంకొకరు. సగంమంది విసిగి వెళ్ళిపోయారు. తిట్లన్నీ కింద పేరున్న ఇంద్రజకే.

“ఒక్క నెల తొంభై అని రాసేద్దాం సార్. లేకపోతే ఆడేందుకు ఎవరూ మిగలరు.”

“ఆడేటోళ్ళకు అబద్ధం చెప్తమా?” అన్నాడు పురుషోత్తం, నొచ్చుకుని.

“పోనీ, నిజమైనా చెప్పండి. ఎందుకు తీసేస్తున్నారు?”

“చెప్పిన కద. పొరపాటు.”

ఇక ఈ ఉద్యోగం మానేద్దామనుకుంది ఇంద్రజ. ఆ మాట చెప్పబోతుంటే ఆయనే, “ఆదివారం అందర్నీ పిలువమ్మా, ఆడి చూస్తరు” అన్నాడు.

గుప్పెడుమంది వచ్చారు. వాళ్ళలో రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరైన సైలస్ ఒకడు, వెంట భార్య రోసమ్మ. పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేత్తో ఆడడం మొదలుపెట్టాడు. ఒకే మీట నొక్కితే కత్తి లేచింది. ఆయన వేలు మరో మీట మీదికి పాకేదాకా రాక్షసుడు ఓపిగ్గా నిలబడ్డాడు. అగడ్త దగ్గర తెప్ప కాచుకుని ఉంది.

ఇంద్రజ చూస్తూ నిలబడిపోయింది. ఇన్ని నెలలుగా పోయినవన్నీ రెండు చేతులుంటేనే అయ్యే పనులు.

తలుపు పక్కన నక్కిన పురుషోత్తం దగ్గరికెళ్ళి గుసగుసగా అడిగింది. “ఈయన కోసమేనా సార్?”

“మొదటి కోట శాంపిల్ ఇచ్చినం కద, అప్పుడు వీడియో పంపిండమ్మా. ఒక్క చెయ్యితోనే ఆడుకుంట దర్వాజ కాడనే మళ్ళీ మళ్ళీ సచ్చిపోయిండు. కింద ఏం రాసిండో ఎరుకేనా? గేమ్ మంచిగుంది, నాకే చాతనైత లేదు అని. చాతగాంది నాకు గాని, ఆయనకా?”

“ఆ మాటే రాస్తే ఒక్కరూ తిట్టేవారు కాదు కదండీ.”

“నువ్వు రాసేది ఆయన సుత చదువుతడమ్మా.”

ఇంతలో గదిలో చప్పట్లు. కోట పడిపోయింది. రోసమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ నవ్వుతోంది. సైలస్ గర్వంగా వెనక్కి తిరిగాడు.

“పురుషోత్తం సాబ్, ఇన్ని నెలలు మీరేం చేసిన్రో ఏమో గాని, నేనైతే మస్తు నేర్చుకున్న. జెర కష్టమైన కోట ఒకటి పెట్టున్రి. ఇది మరీ పిల్లలాట లెక్కుంది.”

“పెడత సార్,” అన్నాడు పురుషోత్తం, చేతులు కట్టుకుని.

సైలస్ చూపు నోరు తెరుచుకుని నిలబడ్డ ఇంద్రజ మీద పడింది.

“ఏందమ్మా అట్ల చూస్తున్నవ్, నీకు రాదా? ఇట్ల రా, నేర్పిస్త.”

“రాదండీ,” అని ఇంద్రజ కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.