డోర్నకల్ గేటుకు చుక్క

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలమేం కాదు, చేతిలో టచ్ ఫోన్లు ఉన్న రోజులే, ఐటీఐ సర్టిఫికెట్ చూపిస్తే చాలు ఇనుము దానంతటదే అతుక్కుంటుందని నా గట్టి నమ్మకం. ఘనపూర్ నుంచి మానుకోటకు వచ్చి గేట్లు, కిటికీలు చేసే షాపులో చేరాను. ఊళ్లో మా అమ్మ అప్పటికే "మా పోరడు వెల్డర్ అయిండు" అని వాడంతా చాటేసింది. షాపులో నా వెల్డింగ్ ఎలా ఉండేదంటే, పొద్దున గ్రైండర్ పట్టడం, మధ్యాహ్నం రెడాక్సైడ్ పూయడం, మిగతా టైములో షాపు నడిపే ఉస్తాద్‌కు చాయ్ తేవడం. వెల్డింగ్ రాడ్ పట్టే హోల్డర్ ముట్టుకుంటే కస్సుమనేవాడు. ఎవరైనా "ఈ పిలగాడెవలు?" అంటే నా నోరు తెరవనీయకుండా "హెల్పర్" అనేవాడు. ఆయన నోట ఒక్కసారి 'వెల్డర్' అనిపించుకోకపోతే ఊరికి ఏ మొహం పెట్టుకొని పోవాలన్నదే నా బెంగ.

నా ప్రతిభ చూపించుకోవడానికి ప్రయత్నం చేయలేదా అంటే, చేశాను. దసరాకు ముందు ఉస్తాద్ లేని సమయం చూసి తుక్కు ముక్కలతో ఇనుప బతుకమ్మ ఒకటి తయారుచేశాను. నలుగురు పట్టినా లేవలేదు. "దీన్ని నీళ్లల్ల ఇడుసుడా, మమ్ముల గూడ దీనెంబడి ముంచుడా?" అని పక్కింటక్క అడిగింది. (కళను మెచ్చుకునే పద్ధతులు రకరకాలు.) పైగా వెల్డింగ్ నల్లద్దం అడ్డం పెట్టుకోకుండా చేసినందుకు రాత్రంతా కళ్లలో ఇసుక పోసినట్టయి, ఆలుగడ్డ ముక్కలు కళ్ల మీద పెట్టుకొని పడుకున్నాను.

డిసెంబర్‌లో ఉస్తాద్ చెల్పూర్‌లో చుట్టాల పెండ్లికి పోయాడు. షాపులో డోర్నకల్ పటేల్ గారి గేటు ముక్కలుగా పడి ఉంది. సాయంత్రం ఫోన్ చేశాడు. వెనక డీజే మోత, మధ్యలో ఆయన అరుపు: "అరేయ్, డోర్నకల్ గేటుకు చుక్క పెట్టు! సమజైందా?" ఎందుకు సమజు కాదు? క్రిస్మస్ వస్తోంది, డోర్నకల్‌లో చర్చి ఉంది, ఇంటింటికీ కాగితం చుక్కలు వేలాడుతున్నాయి. పటేల్ గారు కూడా గేటుకు ఇనుప చుక్క కోరుకున్నారన్నమాట! ముక్కల్ని పూర్తిగా అతికించే ముందు ఒక్కో మూలన ఒక్కో బొట్టంత వెల్డింగ్ పెట్టి ఆపడాన్ని ఐటీఐలో 'టాక్' అని నేర్పారు. ఉస్తాద్ భాషలో దాన్నే చుక్క పెట్టడం అంటారని నాకెవరు చెప్పారు? పని జరిగేటప్పుడు దగ్గరికి రానిస్తే కదా తెలిసేది!

ఇక చూస్కోండి. ముందు గేటు మూలలన్నీ గట్టిగా, ఇనుము ఎర్రబడేదాకా పూర్తిగా వెల్డింగ్ చేసేశాను (చుక్కలు పెట్టి ఆపకపోతే ఆ వేడికి చట్రం వంగుతుందని అప్పుడు తోచలేదు). తర్వాత కడ్డీలు కోసి, సుద్దముక్కతో నేల మీద గీసుకొని, చుక్క తయారుచేశాను. ఒక కొన పొడుగు, ఒక కొన పొట్టి, మధ్యది ఎటో చూస్తోంది. అయినా వెండి రంగు కొట్టి గేటు నడినెత్తిన నిలబెడితే నా కళ్లకు ఎంత ముద్దుగా ఉందో! తెల్లారి పటేల్ గారి ట్రాక్టర్ వస్తే, ఉస్తాద్ వచ్చేదాకా ఎందుకని, నేనే పోయి బిగించి వచ్చాను. గేటు సగం దాకా వచ్చి నేలకు తట్టుకొని ఆగింది. కొత్తది కదా, నాలుగు రోజులకు సర్దుకుంటుందిలే అనుకున్నాను.

మర్నాడు పెండ్లి నుంచి తిరిగొచ్చిన ఉస్తాద్ మొహం పటేల్ ఫోన్‌కు మాడిపోయింది. నన్ను బండెక్కించుకొని డోర్నకల్ తీసుకుపోయాడు. పటేల్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. "గిదేం గేటయ్యా? మూస్తే పడది! నా బర్రె పట్టాల దిక్కు ఉరికింది. పొద్దుగూకంగనే చర్చి పాటలోళ్లు చుక్కను జూసి, మనోళ్ల ఇల్లేనని సక్కగ లోపటికొచ్చి కూసున్నరు. అందరికి చాయ్ పోసినం! ఎవడు చేసిండు గిది?"

ఉస్తాద్ రెండడుగులు వెనక్కి వేసి, చెయ్యి నా వైపు చాపాడు. "నేను గాదు పటేలా! మా వెల్డర్ చేసిండు."

నా చెవులను నేనే నమ్మలేదు. పటేల్ తిడుతూనే ఉన్నాడు, నాకు ఒక్క ముక్క వినిపిస్తే ఒట్టు. నవ్వు ఆపుకోవడానికి పెదవులు కొరుక్కుంటూ నిలబడ్డాను. ఉస్తాద్ చుక్కను కోసేయడానికి గ్రైండర్ తీశాడు. అరుగు మీది నుంచి పటేల్ వాళ్లమ్మ కేకేసింది: "ఏయ్, దాన్ని ముట్టకు! ఓట్లప్పుడు దప్ప మనింట్లకు ఎవలొస్తున్నర్రా? నిన్న ఆ పిల్లలొచ్చి పాటలు పాడిండ్రు, నా మోకాళ్ల నొప్పులడిగిండ్రు. మూలలు సక్కగ జెయ్యి, చాలు." గేటు కోసి, మళ్లీ మూలమట్టం పెట్టి ఉస్తాదే అతికించాడు. చుక్క మాత్రం అలాగే వంకరగా ఉండిపోయింది.

ఇప్పుడు నాకు సొంత షాపుంది. నా గేట్లు మూలమట్టంగా వస్తాయి, వేలితో నెడితే చప్పుడు లేకుండా మూసుకుంటాయి. ఇన్నేళ్లలో ఎన్ని చేశానో! "ఎవడు చేసిండు గిది?" అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.