గుర్రం కాళ్ల కింది పోగులు

ఆ సాహెబు గురించి నేనిప్పుడు మంచి మాట రాయలేను. తెల్లవాళ్ల పల్టన్‌లో యుద్ధానికి వెళ్లి పతకాలతో తిరిగొచ్చాడు. బహుమానంగా మా నేతగాళ్ల పేట కింది భూమంతా పుచ్చుకున్నాడు. తెల్లవాళ్లు వెళ్లిపోగానే టోపీ మార్చి, ఎన్నికల్లో నిలబడి గెలిచాడు.

పత్రికలో పనిచేసే రోజుల్లో ఆయన వర్ధంతికి వ్యాసం రాసింది నేనే. 'నేతగాళ్లకు నీడనిచ్చిన దాత' అన్నాను. ఆ ఇంటివాళ్లు ఇచ్చిన కాగితం చూసి రాశాను. మా వీధిలో ఒక్కరినీ అడగలేదు.

కిందటేడు ఆయన మనవడు ఆ వ్యాసం పట్టుకుని మా పేటలోని నీలం నగర్‌లో మా బావమరిది ఇంటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. ఒక చౌకుకు, అంటే నాలుగు దారుల కూడలికి, తాత పేరు పెట్టిస్తున్నాడట. ఆ సభకు, గుర్రమెక్కిన తాత బొమ్మను గోడకు వేలాడే గుడ్డగా నేయాలి. బావమరిది ఇల్లూ మగ్గాల షెడ్డూ ఉన్న జాగా ఇప్పటికీ వాళ్ల పేరు మీదే ఉంది.

"ఫోటో ఏక్ నంబర్ రావాలె. వస్తే జాగా మీ పేరు మీద చేసే కాగదానికి సంతకం చేస్త. లేకుంటే దివాళీకి ఖాళీ చేయుండ్రి" అన్నాడు, మా వీధుల్లో ఓట్లడుగుతూ నేర్చిన మరాఠీ యాస తెలుగులో.

మా అత్త, అంటే బావమరిది తల్లి, పక్కనే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. అతను వెళ్లాక నోరు విప్పింది.

"గుర్రం మీద వాణ్ని నేస్తవారా? నేయి. దాని కాళ్ల కింద ఏముండెనో అది సుత నేయి."

"ఏముండెనే అవ్వా?" అన్నాడు బావమరిది.

"మా నాయిన పడుగు."

ఆ రోజుల్లో పడుగును, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగుల్ని, వీధి పొడవునా చాచి గంజి పట్టించేవారు. ఆరేదాకా దాన్ని ఎవరూ దాటరు. ముసలివాళ్లు కూడా వీధి చివరిదాకా నడిచి చుట్టి వస్తారు. సాహెబు పతకాలు పెట్టుకుని గుర్రాన్ని నేరుగా దాని మీదికి తోలాడు. నా భూమి, నా బాట అన్నాడట. తెగిన పోగులు ఏరుతూ తండ్రి ఏడవడం ఆరేళ్ల పిల్లగా అత్త చూసింది.

"జాగా పోతది గదా. నువ్వేమంటవ్ బావా?" అన్నాడు బావమరిది.

"అల్లున్ని అడుగుతవేందిరా? వాణ్ని దాతను జేసింది ఆయనేనాయె!" అంది అత్త.



మగ్గాన్ని నడిపే అట్టల మీద డిజైన్‌ను రంధ్రాలుగా గుద్దించేటప్పుడే బావమరిది తెగిన పోగుల్ని చేర్పించాడు. జకార్డు మగ్గం మీద బొమ్మ బోర్లా పడుతుంది, నేసేవాడికి వెనకవైపే కనబడుతుంది. కోసి తిరగేశాక చూశాం. మీసం, పతకాలు, గుర్రం, గిట్టల కింద చెదిరిన తెల్ల పోగులు.

మనవడు వచ్చి సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు.

"ఇదేంది?"

 అత్త బీడీ మీంచి తలెత్తకుండానే జవాబిచ్చింది.

"గడ్డి, సాహెబ్."

"బరోబర్. తాతకు తోటలంటే పానం" అంటూ సంతకం పెట్టాడు.

సభలో ఆ గుడ్డ వేదిక వెనక వేలాడింది. పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో మా ముసలివాళ్లు గిట్టల వైపు చూస్తూ ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటున్నారు. నా పాత వ్యాసం నన్నే చదవమన్నారు. కళ్లద్దాలు తేలేదన్నాను.

అవి నా జేబులోనే ఉన్నాయి.