ఆదోని యార్డులో ఒలిచిన బుడ్డలు

బెంగళూరులో నా ఉద్యోగం కణాలతో. మనిషి కణాలను ట్యాంకుల్లో పెంచి, వాటిచేత వైరస్ గుల్లలు చేయిస్తాం. వైరస్‌లోని జబ్బు చేసే సరుకు తీసేసి, బాగుచేసే జన్యువును ఆ గుల్లల్లో ఎక్కించి ఒంట్లోకి పంపడమే జన్యు చికిత్స. రోగుల సమావేశంలో పరిచయమైన యూసుఫ్ పోయిన నెల ఫోన్ చేశాడు. ఎమ్మిగనూరులో దర్జీ, రక్తం గడ్డకట్టని జబ్బు. "అక్కా, ఆ మందు కోసం మా అబ్బా పొలం అమ్ముతానంటాండాడు. నా మాట ఇనడు. నువ్వొచ్చి వద్దని సెప్పు" అన్నాడు. ఇంకేం ఆలోచిస్తాను, బయల్దేరాను.

గుంతకల్లులో రైలు మారి ఎనిమిదికల్లా ఆదోనిలో దిగాను. నలభై రూపాయలకు బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ తిని ఆటో ఎక్కాను. యూసుఫ్ వాళ్ల అబ్బా, అంటే నాన్న, ఖాజా పొద్దంతా ఇక్కడి మార్కెట్ యార్డులోనే ఉంటాడు.

"యార్డుకా మ్మా? అమ్మనీకా, కొననీకా?" అన్నాడు ఆటో అన్న.

"మాట్లాడనీకి."

"అది ఆడ ఉచితమే లే!"

సరుకు నాణ్యం చెప్పడం ఖాజా పని. వేరుశనగను ఇక్కడ బుడ్డలంటారు. పిడికెడు బుడ్డలు చెవి దగ్గర ఆడించి, పటపటా ఒలిచి, గింజలు అరచేతిలో పరిచి మాట చెప్పేస్తాడు. రైతూ వ్యాపారీ ఇద్దరూ నోరెత్తరు. అబ్బ, ఏం చెయ్యి అది!

పొలం అమ్మొద్దని చెప్పాల్సినదాన్ని, నా గొప్పలు మొదలుపెట్టాను. "ఇదివరకు గుల్లలు చేయించాలంటే ప్రతిసారీ కణాల్లోకి కొత్తగా జన్యువులు ఎక్కించేవాళ్లం చాచా. ఇప్పుడు ఆ పనితనం కణాల్లోనే శాశ్వతంగా పెట్టేశాం. అడ్డొచ్చే జన్యువులు కత్తిరించేశాం. గుల్లలే గుల్లలు!"

ఆయన ముఖం వెలిగిపోయింది. "అయితే మందు వచ్చినట్టే. పొలం ఈ వారమే బేరం పెడతా."

నా నోరు పడిపోను! దేనికొచ్చి ఏం చేశాను! అంతలో ఆయన చేతిలోని బుడ్డలు ఒలుస్తూ ఆగాడు. రెండు తొక్కలు ఉత్తివే.

"గుల్లలు శానా అంటాండావు. గింజ ఎన్నిట్లో ఉంది మా?"

ల్యాబులో మేం రోజూ కొట్టుకునేది దానికే. "చాలావాటిల్లో లేదు చాచా. జన్యువు ఎక్కని ఉత్త గుల్లలే ఎక్కువ. అవి ఒంట్లోకి పోతే మేలు లేదు, చేటు ఉండొచ్చు. గింజ నిండా పెట్టే కణాల కోసమే ఇప్పుడు తిప్పలు పడుతున్నాం. బయటి దేశాల్లో మందుంది గానీ, నీ పొలం మొత్తం అమ్మినా దాని దరిదాపులకు పోలేం. మాది ఎప్పటికొస్తుందో నాకు తెలీదు."

యూసుఫ్ దగ్గరికి పోదామని ఎమ్మిగనూరు బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. గంట దారి, టికెట్టు యాభై లోపే. కొట్లో యూసుఫ్ లోపల రక్తం చేరి వాచిన మోకాలు బల్ల మీద చాపుకుని, రెండో కాలితో మోటారు మిషన్ నడుపుతున్నాడు. ఖాజా ఆ మోకాలి మీద మెల్లగా చెయ్యి వేశాడు. "పొలం అమ్మను లే రా. ఈసారి దాంట్లో బుడ్డలేద్దాం." నావైపు తిరిగి, "మీ ట్యాంకీలో గింజ నిండినప్పుడు మొదట మా వానికి సెప్పల్ల" అన్నాడు. యూసుఫ్ మిషన్ ఆపి కళ్లు తుడుచుకున్నాడు.

ఎన్నో మీటింగుల్లో మాట్లాడాను. చప్పట్లు కొట్టారు, నేనూ సంబరపడ్డాను. ఖాజా చప్పట్లు కొట్టలేదు, ఒలిచి చూశాడు. అందుకే ఆయనకు అబద్ధం చెప్పలేకపోయాను.

యార్డు చూడాలనుకుంటే పొద్దున పదిలోపే వెళ్లండి. ఎవరైనా పిడికెడు బుడ్డలు చేతిలో పెడితే, ఒలవకుండా బాగున్నాయని మాత్రం అనకండి.