మా బావ కొనబోయిన ట్రాక్టర్లు

పాత ట్రాక్టర్ల గురించి మా బావకు తెలియనిది లేదు. రానిదల్లా ఒక్కటే, కొనడం.

నాది ట్రాక్టరు విడిభాగాల కొట్టు. మెయిన్ రోడ్డు మీద ఇరుకు గది. మూడు గోడలకీ ఇనుప అరలు, వాటి నిండా ఫిల్టర్లు, ఆయిల్ సీళ్లు, పైన మేకులకు వేలాడే ఫ్యాన్ బెల్టులు. గుమ్మం పక్కన ఒక స్టూలు వేశాను, సరుకు కొనేవాళ్లు కాసేపు కూర్చుంటారని. పొద్దున్నే మా బావ వచ్చి దాన్ని ఆక్రమిస్తాడు. అక్క మొగుడు, లెమ్మని ఎలా అంటాను? టీ ఆయన తాగుతాడు, డబ్బులు నేనిస్తాను. ఆ టీ అయ్యేలోపు రోడ్డున పోయే ప్రతి ట్రాక్టరుకీ వెల కట్టేస్తాడు.

"వీడు మునిగాడురా. గేర్‌బాక్సు ఎలా ఏడుస్తోందో విను" అంటాడు.

ఆ పోయేవాడికి దున్నుకోడానికి పొలం ఉంది, దున్నడానికి బండి ఉంది. మా బావకు పొలం ఉంది, అభిప్రాయం ఉంది.

ఆయన సిద్ధాంతం నేను చాలాసార్లు విన్నాను, మీరు ఒక్కసారి వినండి. పాత బండి ఎప్పుడు కొనాలి? ఎవడికీ అక్కర్లేనప్పుడు కొనాలి. కోతలైపోవాలి, బండి ఎండలో ఊరికే పడుండాలి, దాన్ని చూసినప్పుడల్లా యజమానికి ఒళ్లు మండాలి. అప్పుడు వెళ్లి అడగాలి. ఇందులో తప్పేమీ లేదు, నా దగ్గరికొచ్చేవాళ్లకు నేనూ ఇదే చెబుతాను. కాకపోతే కోతలవ్వగానే మా బావ "ఇంకా దిగుతుంది" అంటాడు. ఎండలు ముదిరాక "ఇంకో నెల చూద్దాం" అంటాడు. ఆకాశంలో ఒక్క మబ్బు కనబడిందంటే చాలు, "ఇప్పుడు కొనేవాడంత వెర్రివాడు ఉండడు" అని కాళ్లు చాపుకుంటాడు. మళ్లీ కోతలయ్యేదాకా ఆయనకు విశ్రాంతి. ఈ విధంగా మా అక్క జుట్టు సగం నెరిసింది.

పోనీ ఆయనకు చేతకాదా అంటే, అదీ కాదు. బండి చూడటంలో దిట్ట. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి వేస్తాడు. వెచ్చగా ఉంటే, మనం రాకముందే స్టార్టు చేసి సిద్ధంగా ఉంచారన్నమాట, అక్కడే అనుమానం. ఆయిల్ పోసే మూత విప్పి పొగ కొడుతోందేమో చూస్తాడు. మీటరు తక్కువ గంటలు చూపిస్తూ పెడలు రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే, మీటరు అబద్ధమాడుతోందని తేల్చేస్తాడు. వెనక లిఫ్టు ఎత్తి, దానిమీద తనే నిలబడి, కిందికి జారుతుందేమో చూస్తాడు. అందుకే ఊళ్లో ఎవడు బండి కొనబోయినా ఈయన్ని వెంటేసుకుని వెళ్తాడు. ఈయన నోటి ధాటికి అమ్మేవాడు బెంబేలెత్తి ధర దించేస్తాడు. వాడు కొనుక్కుంటాడు. ఈయన వాడి బండి వెనక నిలబడి ఇంటికొస్తాడు.

అలా కొనుక్కున్నవాళ్లు వాన పడగానే ఏం చేస్తారు? ముందు తమ పొలం దున్నుకుంటారు. తర్వాత అన్నదమ్ములది. తర్వాత ఎక్కువ బాడుగ ఇచ్చేవాళ్లది. అందరిదీ అయ్యాక, నేలలో పదును ఆరిపోయి మట్టి గడ్డలు కట్టాక, మా బావ పొలానికి వస్తారు. "ఏమనుకోకు గురువుగారూ" అంటారు. గురువుగారు అన్నందుకు ఈయన ఏమీ అనుకోడు. సిగ్గులేకపోవడం కూడా ఒక వరమే.

పోయినేడు మొక్కజొన్న అలాగే ఆలస్యమైంది. కండెలు వేలెడంత వచ్చాయి, అందులో సగం గింజ పట్టలేదు. ఆ పొలం మా నాన్న అక్కకిచ్చిన వాటా. అప్పుడది రాళ్లదిబ్బ. ఒక్కొక్క రాయీ ఏరి, ఆ రాళ్లతోనే గట్టు పోసుకుంది మా అక్క. బావ ఆ రోజుల్లో కూడా బండి చూడటానికే వెళ్లేవాడు.

ఈ ఏడు కోతలయ్యాక ఒకరోజు వాళ్లింట్లో భోంచేస్తున్నాం. ముందుగదిలో మంచం, మంచం కింద బండి కొన్నాక పనికొస్తాయని బావ ముందే తెచ్చిపెట్టిన జాకీ, గ్రీజు గన్ను, ఎర్ర సీటు కవరు. వాటి మీది దుమ్ము కూడా అక్కే దులుపుతుంది. ఆమె ఆయన కంచంలో కూర వేస్తూ మామూలుగా చెప్పింది.

"తొలివాన పడేలోపు వాకిట్లో బండి లేకపోతే పొలం కౌలుకిచ్చేస్తానండీ. నేను కోల్డ్ స్టోరేజీలో పనికి పోతాను. వెళ్లి అడిగొచ్చాను, రమ్మన్నారు."

బావ నవ్వాడు. "మీ అక్క బెదిరిస్తోందిరా."

మా అక్కకు బెదిరించడం రాదు. ఆ సంగతి ఇన్నేళ్లు కాపురం చేసినవాడికి తెలియలేదు. నేను చెయ్యి కడిగేసుకున్నాను. ఆ పొలంలో ఇంకొకడు నాగలి పెడుతుంటే ఆమె చలిగదిలో బస్తాలు సర్దుతూ ఉంటుందా?

ఆ మాటకో, ఏ మాటకో, మర్నాడు బావ ఒక బండి కబురు తెచ్చాడు. పక్క ఊళ్లో ఒక పెద్దాయనది. మోకాళ్లు పోయి వ్యవసాయం మానేశాడు, అమ్మేస్తాడట. నా ట్రాలీ ఆటోలో ముగ్గురం బయల్దేరాం. దారంతా బావ అక్కకు తర్ఫీదు. ఆయనకు ఇది అలవాటే, బేరానికి పోతే కుటుంబం మొత్తం పెదవి విరవాలి.

"నేను ముక్కు గోక్కుంటే నువ్వు నిట్టూర్చాలి. సీటు చూసి మొహం చిట్లించాలి. 'ఈ డొక్కుదాన్ని ఏం చేసుకుంటామండీ, పదండి' అనాలి. గుర్తుంటుందా?"

"ఉంటుంది" అంది అక్క, పక్కకు తిరిగి పొలాల వైపు చూస్తూ.

పెద్దాయన రేకుల షెడ్డులో బండి మీద పాత దుప్పటి కప్పి ఉంచాడు. టైర్లు నొక్కుకుపోకుండా ఇరుసుల కింద చెక్కదిమ్మలు పెట్టాడు. దుప్పటి తీస్తుంటే ఆయన చెయ్యి బానెట్టు మీద కాసేపు నిలిచింది. బావ ఇంజను మీద చెయ్యి వేశాడు, చల్లగా ఉంది. తాళం తిప్పితే మొదటిసారికే అందుకుంది. మూత విప్పితే పొగ లేదు. లిఫ్టు ఎక్కి నిలబడితే అంగుళం జారలేదు. బావ నా వైపు తిరిగి ఒక కన్ను కొట్టాడు. బండి బంగారమని అర్థం.

ఆ తర్వాత మొదలుపెట్టాడు. రంగు వెలిసిందన్నాడు. ఈ మోడలుకు సామాను దొరకదన్నాడు, దాని సామాను నా కొట్టులో అరనిండా ఉంది. పాత ఇనుముకు వేస్తే నాలుగు రాళ్లు వస్తాయన్నాడు. ఊరిపెద్దలా ముక్కు గోక్కున్నాడు.

అక్క నిట్టూర్చింది. "ఈ డొక్కుదాన్ని ఏం చేసుకుంటామండీ" అంది. 'పదండి' మాత్రం అనలేదు.

పెద్దాయన ఆమె మొహంలోకి చూశాడు. బావ అప్పుడు ఒక ధర అన్నాడు. దానికి ఆ బండి ముందు టైర్లు కూడా రావు. పెద్దాయన కోప్పడలేదు, బేరమాడలేదు. దుప్పటి దులిపి మళ్లీ బండి మీద కప్పాడు. అంచులు సర్దాడు.

"వెళ్లి రండి" అన్నాడు.

తిరుగు దారిలో బావ ఉషారు చూడాలి. "అలాంటి బండి మళ్లీ దొరకదురా. కడిగిన ముత్యం. దాని న్యాయమైన ధర ఇంత" అని ఒక అంకె చెప్పాడు. "అంతకైతే కళ్లు మూసుకుని తెచ్చుకోవచ్చు."

"మరి అంతే ఇస్తామని అనుండొచ్చుగా" అంది అక్క.

"అప్పుడిక బేరం ఏముంది? నువ్వూరుకో. వారంలో ముసలాడే ఫోన్ చేస్తాడు."

ముసలాడు చేయలేదు. బావ ఫోను స్నానాలగదిలోకి కూడా తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. పోనీ తనే చెయ్యొచ్చు కదా? చేస్తే లోకువైపోతాడట. ఆయన ఉన్న లోకువకి ఇంకా దిగడానికి చోటుందని అనుకోవడం ఆయన గొప్పతనం. చూస్తుండగానే గాలి మారింది. పడమటి వైపు మబ్బు పట్టింది. బావ స్టూలు మీద కూర్చుని, టీ ఊదుకుంటూ, "ఇక ఈ ఏడాదికి వదిలేద్దాంరా, ధరలు పెరిగిపోయుంటాయి. కోతలయ్యాక చూద్దాం" అన్నాడు. నిజం చెబుతున్నాను, చేతిలో ఉన్న స్పానరు కింద పెట్టేశాను, ఏం చేస్తానోనని.

మర్నాడు ఎవడో బండి కొంటుంటే చూడటానికి బావ పొద్దున్నే పోయాడు. మధ్యాహ్నం అక్క కొట్టుకొచ్చింది. భుజాన సంచి.

"షట్టరు దించు. పెద్దాయన దగ్గరికి పోదాం" అంది.

ఆయన షెడ్డు ముందు మంచం మీద కూర్చుని మోకాలికి మందు రాసుకుంటున్నాడు. మమ్మల్ని గుర్తుపట్టాడు. "ఇంకేదైనా వంక మిగిలిపోయిందా అమ్మా?" అన్నాడు.

"వంకేం లేదు పెద్దాయనా" అంది అక్క నిలబడే. "ఆ రోజు నేనన్నది అబద్ధం. మా ఆయన అనమన్నాడు, అన్నాను. ఇంటికెళ్లాక అన్నం తినబుద్ధి కాలేదు."

"ఎందుకు అనమన్నాడు?"

"ధర తగ్గిస్తారని."

ఆయన మందు డబ్బా మూత పెట్టాడు. "తగ్గించమని అడిగితే తగ్గించేవాణ్ణిగా. దానికి బండిని తిట్టడం దేనికి? నా పిల్లల చదువులన్నీ అదే లాగింది."

అక్క దుప్పటి కింది బండి వైపు చూసింది. ఆయనే, "నువ్వైతే ఎంతిస్తావు?" అన్నాడు.

బావ ఆటోలో చెప్పిన అంకె ఉంది చూశారూ, అక్క అదే చెప్పింది. రూపాయి ఎక్కువా లేదు, తక్కువా లేదు. పెద్దాయన తల పంకించాడు. "న్యాయంగా అడిగావు. నేనూ మనసులో అంతే అనుకున్నాను" అన్నాడు. బావకు లెక్క తెలియకుండా ఏళ్లుగా దాచుకున్న డబ్బు అక్క సంచిలోంచి తీసింది. ఆయన దుప్పటి తీసేసి, దిమ్మలు నా చేత తీయించి, అక్కను సీటెక్కించి, క్లచ్చు ఎలా మెల్లగా వదలాలో చెప్పి, షెడ్డు చుట్టూ తిప్పించాడు. తను మళ్లీ మంచం మీద కూర్చుని "గేరు మార్చు, బెదరకు" అని కేకలు వేశాడు. నా ఆటో అక్కడే వదిలేశాను. ఇంటిదాకా అక్కే నడిపింది. పక్కన మడ్‌గార్డు మీద నేను, నా ప్రాణాలు అరచేతిలో.

సాయంత్రం బావ వచ్చేసరికి బండి వాకిట్లో ఉంది.  అలవాటు చొప్పున చుట్టూ తిరిగాడు, వంగి చూశాడు, తట్టాడు, మూత విప్పాడు. పట్టుకోడానికి ఏమీ దొరక్క చెయ్యి తుడుచుకున్నాడు.

"ఎంతకిచ్చాడు?"

"బండి బాగుందా?" అంది అక్క.

"బాగుంది. ఎంతకిచ్చాడంటే?"

"బాగుంది కదా. కాళ్లు కడుక్కుని రండి, అన్నం పెడతాను."

ఆ రోజు వేళాకోళం అనుకున్నాడు. వారంలో వాన పడింది. ఊళ్లో తొలి చాలు మా అక్క పొలంలోనే పడింది, పదును మీద, గడ్డ లేకుండా మట్టి మెత్తగా తిరగబడింది. బావ ఆ బండి మీదే కూర్చుని దున్నాడు, మొహం మాత్రం చేదు మందు తాగినవాడిలా పెట్టుకుని. గట్టు మీద నిలబడ్డ ప్రతివాడూ అడిగాడు, "ఎంత పడింది గురువుగారూ?" అని. చుట్టుపక్కల ఊళ్లన్నిటి బండ్ల ధరలూ నోటికొచ్చినవాడికి తన ఇంటి బండి ధర తెలియదు. గేరు మార్చి ముందుకు పోయేవాడు.

అక్కను బతిమాలాడు, అలిగాడు, ఒకపూట తినకుండా పడుకున్నాడు. ఆకలేసి లేచాడు. పెద్దాయన దగ్గరికి కూడా వెళ్లొచ్చాడు. "మీ ఆవిణ్ణి అడుగు బాబూ" అని పంపేశాడట. చివరికి ఒకరోజు నా కొట్టుకొచ్చి, స్టూలు మీద కూర్చోకుండా నిలబడే అడిగాడు.

"అంకె చెప్పొద్దులే. ఎక్కువిచ్చిందా, తక్కువిచ్చిందా, అదొక్కటి చెప్పరా. నిద్ర పట్టడం లేదు."

పుట్టి బుద్ధెరిగాక ఆయన మీద నాకు మొదటిసారి జాలేసింది. ఆ సాయంత్రం అక్క దగ్గరికి వెళ్లాను. విత్తనాల్లో పుచ్చులు ఏరుతోంది.

"చెప్పెయ్యక్కా. తను కట్టిన ధరేనని తెలిస్తే పాపం పొంగిపోతాడు" అన్నాను.

"పొంగిపోతాడనే చెప్పడం లేదు" అంది అక్క, చేట మీంచి తల ఎత్తకుండా. "అంత సరిగ్గా తెలిసినవాడు నా పొలం అన్నేళ్లు ఎండబెట్టాడురా. నా చేత ఆ పెద్దాయన మొహాన అబద్ధం ఆడించాడు. ఇప్పుడు నీ లెక్కే కరెక్టని నేను మెచ్చుకోవాలా?"

ఒక పుచ్చు గింజ తీసి పక్కన పారేసింది.  ఇవాళ్టిదాకా ఆయనకు ఎవరం చెప్పలేదు.