బస్తా నడిమి గింజలు

మొన్న వంటింటి అర సర్దుతుంటే చాటల వెనుక ఒక ఇనుప గొట్టం దొరికింది. మూరెడు పొడవు, ఒక కొస సూదిగా, వీపు నిలువునా తెరుచుకుని. ముక్కు దగ్గర పెట్టుకుంటే తుప్పు కింద ఎక్కడో ధనియాలు, పల్లీలు, గోనె నార కలిసిన పాత వాసన ఇంకా బతికే ఉంది. చేవెళ్ల బజారులో మా బాపు కిరాణా దుకాణానికి వచ్చిన ప్రతి బస్తా కడుపులోకీ ఆ గొట్టం దిగేది. మూతి దగ్గర మెరిసే గింజలు పోసి నడుమ పుచ్చులు కలపడం అమ్మేవాళ్ల విద్య అయితే, నడుమ గుచ్చి ఆ పుచ్చుల్ని బయటికి లాగడం మా విద్య.

మిరుగం కార్తె వానలు మొదలైతే దుకాణం ముందు బురద కాళ్ల గుర్తులు, లోపల తడిసిన గొంగళ్ల వాసన, కొత్త బెల్లం మీద ముసిరే ఈగలు, విత్తనాల కోసం వచ్చిన రైతుల బీడీ పొగ, వీటన్నిటి మధ్య నేనూ మా అక్క సరితా ఒక ఆట ఆడేవాళ్లం. కళ్లకు అవ్వ, అంటే మా అమ్మ, పాత చీర పేలిక కట్టుకుని, దోసిట్లో పోసిన గింజ ఏదో చెప్పాలి. నేను కందులకూ పెసర్లకూ తేడా చెప్పగలిగితే అదే గొప్ప. అక్క మాత్రం గింజను వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, ఇవి ఎర్ర చెల్క నేల కందులు, ఇవి నల్ల రేగడివి అనేది. రైతులు ఉప్పూ చింతపండూ కట్టించుకుంటూ, రుమాల్లో మడిచి తెచ్చిన పంట ఆకును అక్క ముందు పరిచేవాళ్లు.

"బిడ్డా, జర సూడు. ఏం మందు కొట్టాలె?"

"మందెందుకే మల్లన్నా, నీళ్లెక్కువైనయ్. రెండు దినాలు మోటరు బంద్ వెట్టు."

మందులు కూడా అమ్మే బాపు పక్కనే కూర్చుని తల పట్టుకునేవాడు. "గిట్లయితే దుకాణం నడిచినట్టే," అని నవ్వేవాడు.

నాకు దక్కింది నోరు. పన్నెండేళ్లకే గాజులమ్మ చెప్పిన ధరను సగానికి దించి, పైన రెండు గాజులు కొసరు అడిగేదాన్ని. బతుకమ్మ నాడు గునుగు పూల కట్టలు బేరమాడి తెచ్చి, రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద నోట్లో కుక్కుకుంటూ, ఎవరెవరిని ఎట్లా పడగొట్టానో వాడకట్టంతా చెప్పుకునేదాన్ని. సరుకులు దింపడానికి వచ్చిన ఏజెంట్ల ముందు బాపు నన్ను ముచ్చటకు కూర్చోబెట్టేవాడు. ఆ ముచ్చటను నేను తెలివి అనుకున్నాను.

అవి కంప్యూటర్ అన్న మాట వింటేనే జనం లేచి నిలబడుతున్న రోజులు. మొయినాబాద్ దాకా రోడ్డు పక్క పొలాల్లో పంటకంటే ముందు కాలేజీ బోర్డులు మొలిచేవి. అక్క పదో తరగతిలో బడికే మొదట వచ్చింది. బైపీసీ చదివి, తర్వాత వ్యవసాయ డిగ్రీ చేస్తానని ఎప్పటి నుంచో అంటోంది. ఫలితాలు వచ్చిన వారానికి, అది శంకర్‌పల్లిలో మేనత్త ఇంటికి పోయి ఉన్నప్పుడు, మొయినాబాద్ దగ్గర కొత్తగా పెట్టిన ఒక జూనియర్ కాలేజీ మనిషి దుకాణానికి వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో రంగుల కాగితం, కాగితం మీద వరసగా కంప్యూటర్లు. బాపు నా వైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు. మాట్లాడు అని.

"మా అక్క బైపీసీ తీసుకుంటది. ఫీజు ఎంత తగ్గిస్తవన్నా?"

"బైపీసీల తగ్గించేది లేదమ్మా. ఎంపీసీ అయితే సగమే. కంప్యూటర్ ఫ్రీ, బస్సు ఫ్రీ."

దుకాణంలో ఇట్లాంటప్పుడు మేం ఏం చేస్తాం? ఈ కంపెనీ సబ్బుకు తగ్గింపు లేకపోతే ఆ కంపెనీది దింపుకుంటాం. నేనూ అంతే చేశాను. గంటసేపు బేరమాడి ఎంపీసీకి ఒప్పుకున్నాను. కొసరు కింద కాలేజీ పేరున్న సంచి అక్కకొకటి, నాకొకటి అడిగాను. మాట ఖాయమైందన్న గుర్తుకు బయానా ఇవ్వడం మా ఆచారం. డబ్బు వద్దు, పిల్ల మెమో, టీసీ ఇస్తే చాలన్నాడు ఆయన. ఇంత సులువైన బయానా ఎక్కడా చూడలేదని బాపు మురిసిపోయాడు.

మూడో రోజు అక్క వచ్చింది. నేను కొత్త సంచి భుజాన వేసుకుని ఎదురుపోయాను.

"సగం తగ్గించిన అక్కా!"

అది సంచిని చూసింది, నన్ను చూసింది. "నన్నొక్కమాట అడగొద్దానే?" అంది.

ఊళ్లో సర్కారు కాలేజీలో బైపీసీ సీట్లు ఖాళీగానే ఉన్నాయి. కానీ అక్కడ అసలు కాగితాలు చూపాలి. కాగితాలు వెనక్కి కావాలంటే రెండేళ్ల ఫీజూ కట్టి తీసుకుపొమ్మన్నారు మొయినాబాద్‌లో. అవ్వ తన గొలుసు తీసి బాపు ముందు పెట్టింది. బాపు దాన్ని వెనక్కి జరిపాడు.

"బయానా ఇచ్చినంక మాట మార్చుడు మన ఇంట్ల లేదు బిడ్డా. సదువు ఏదైతేంది?"

చేర్పించడానికి నేనూ పోయాను. కాగితం మీది కంప్యూటర్లు గదిలో ఉన్నాయి, ప్లాస్టిక్ కవర్లు కప్పుకుని. వైర్లు లేవు. ప్రతి బస్తానూ గుచ్చి చూసే మేం ఆ కాలేజీని గుచ్చలేదు, అక్కను అసలే గుచ్చలేదు. ఆ సంచిని మాత్రం నేను మూడేళ్లు బడికి మోశాను. గట్టి సంచి.

కళ్లకు పేలిక కట్టుకునే ఆట మళ్లీ ఆడలేదు. అక్క లెక్కల్లో రెండుసార్లు తప్పి, ఎట్లాగో ఇంజనీరింగ్ గట్టెక్కి, అమీర్‌పేటలో ఏవేవో కోర్సులు నేర్చి, చివరికి అజీజ్‌నగర్‌లో ఒక రిసార్టు కౌంటర్ వెనుక కూర్చుంది. అక్కడి తోటమాలులు ఎండిన ఆకులు తెచ్చి ఆమె కీబోర్డు పక్కన పెడతారట.

ఇప్పుడు అక్క కూతురు పదోది రాసింది. నిన్న ఇద్దరూ వచ్చారు. గొట్టాన్ని బల్ల మీదే ఉంచాను. ఈసారైనా ముందు అడగాలని, నోరు అదుపులో పెట్టుకుని అడిగాను.

"ఏం సదువుతవే బిడ్డా? నీ మనసులున్నది చెప్పు."

పిల్ల ఫోన్‌లోంచి తల ఎత్తింది. "అమ్మ చెప్పింది చిన్నమ్మా, బేరం నువ్వు మస్తు చేస్తవంట గదా. దేంట్ల తక్కువకొస్తే దాంట్లనే చేరుత."

అక్క నవ్వలేదు. గొట్టం అందుకుని, దాని తెరిచిన వీపును బొటనవేలితో తుడుస్తూ కూర్చుంది. మా దుకాణం ఉన్న చోట ఫోన్ల షోరూం ఉంది, ఆ జూనియర్ కాలేజీ ఫంక్షన్ హాల్ అయింది, గోనె బస్తాలు పోయి అన్నీ అంటించిన ప్యాకెట్లుగా వస్తున్నాయి. తుడిచిన బొటనవేలిని అక్క ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పల్లీలు," అంది. "చెల్కవి."