పైసభ తేల్చేదాకా

అరకు దగ్గరి ఆశ్రమ పాఠశాలలో వంట చేసే అంతోనమ్మ, సంతకమున్న కాగితం ఏదొచ్చినా పొయ్యి దగ్గర నుంచి లేచి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని అందుకుంటుంది. కాగితం చెప్పినట్టు చేయడమే ఆమెకు తెలిసిన ఉద్యోగం. సోషల్ మాస్టారు సైలస్ ఈ చలికాలం పిల్లల చేత ఒక ఉత్తుత్తి దేశం పెట్టించి, దానికి రెండు సభలు కట్టించాడు. రాగిజావకి ఎప్పుడూ పెద్ద తరగతులదే ముందు వరుస; చిన్నవాళ్ల వంతుకి గిన్నె అడుగు కనిపిస్తుంది. అందుకే ఆరో తరగతి కూర్చున్న దిగువసభ, ముందు చిన్నవాళ్లకే పోయాలని చట్టం చేసి కాగితం పంపింది. ఆమె గరిటె ముంచేలోగా పదో తరగతి పైసభ నుంచి ఇంకో కాగితం వచ్చింది: పరిశీలన ముగిసేదాకా పాత పద్ధతే. ఆ కాగితం ప్రకారం ముందు పెద్దవాళ్లకి పోసి, రెండు కాగితాలూ పట్టుకుని అక్కడే ఉన్న సైలస్‌ని అడిగింది.

“ఇదేటి మాస్టారూ, ఎవులి మాట ఇనాలి నేను?”

“రెండు సభలూ ఒప్పుకుంటేనే చట్టం, అంతోనమ్మా. తొందరపాటు ఉండకూడదని.”

“మరి పైసభోలు ఇప్పుడేటి సేత్తన్నారు?”

సైలస్ వరుస వైపు చూశాడు. “జావ తాగుతున్నారు.”

“బేగి పొయ్యి అత్తా, సలేత్తంది,” అంది వరుస చివర నుంచి ఒక చిన్న పిల్ల.

అంతోనమ్మ రెండు కాగితాలనూ మార్చి మార్చి చూసింది. “అలాగైతే, అందాకా ఈ సిన్నోల్ల ఆకలి ఆగాలని కూడా ఓ కాగితం రాయించీండి మాస్టారూ. ఈల్లకి సూపిత్తాను.”

సైలస్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. ఆమె నిజంగానే అడుగుతోంది.